మన పాస్‌పోర్టు వెనుక రాజమండ్రి వకీలు

కోరుట్లలో ఏ వాడకు పోయినా దుబాయ్‌లోనో మస్కట్‌లోనో మనిషి ఉన్న ఇల్లు కనిపిస్తుంది. మీ ఇంట్లో బీరువా తెరిచినా ఒక పాస్‌పోర్టు దొరుకుతుందేమో! అప్లై చేస్తే ఇవ్వాలి, ఇవ్వకుంటే కారణం చెప్పాలి. ఇది మనకు మామూలు విషయం. కానీ 1967 దాకా పాస్‌పోర్టు ఎవరికివ్వాలో, ఎవరికి వద్దనాలో చెప్పే చట్టమే లేదు. అంతా సర్కారు ఇష్టం. ఆ పద్ధతికి బ్రేక్ వేసింది మన తెలుగాయనే, జస్టిస్ కోకా సుబ్బారావు.

ఆయన 1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. మద్రాసులో లా చదివి, మామగారి ఆఫీసులో జూనియర్‌గా చేరారు. తర్వాత బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలిసి ప్రాక్టీసు చేశారు. ఇంట్లోనే సీనియర్లు దొరకడం అదృష్టమే, కాదనలేం. కానీ ఆ తర్వాతి దారి ఆయనదే. 1948లో మద్రాసు హైకోర్టు జడ్జి, 1954లో గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి, 1958లో సుప్రీంకోర్టు జడ్జి.

అక్కడ ఆయన ఓడిన కేసు ఒకటి చూడండి. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ మీద పెట్టిన దోపిడీ కేసు సాక్ష్యాల్లేక నిలబడలేదు. అయినా పోలీసులు హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రిళ్లు ఇంటికొచ్చి తలుపు కొట్టేవారు, ఎటు పోయినా కనిపెట్టేవారు. 1962లో ఆరుగురు జడ్జీల్లో నలుగురు రాత్రి రాకలను మాత్రమే తప్పుపట్టారు. సుబ్బారావు, మరో జడ్జి జె.సి. షా మాత్రం మొత్తం నిఘానే చెల్లదన్నారు. గోప్యత లేని స్వేచ్ఛ స్వేచ్ఛే కాదన్నది సుబ్బారావు వాదన. మైనారిటీ తీర్పు కాబట్టి అప్పటికి అది అమలు కాలేదు.

1966లో ఆయన దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ మరుసటి ఏడాదే సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి కేసు వచ్చింది. పాస్‌పోర్టులు తిరిగిచ్చేయమని ప్రభుత్వం ఆయన్ను ఆదేశించింది. 1967 ఏప్రిల్ 10న ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు. ఒక్క ఓటు తేడాతో తీర్పు వచ్చింది: విదేశానికి పోవడం కూడా వ్యక్తి స్వేచ్ఛే, చట్టం లేకుండా దాన్ని ఆపలేరు. ఆ జూన్‌లోనే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది.

తీర్పు ఇచ్చిన మరుసటి రోజే ఆయన పదవి వదిలి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. ప్రధాన న్యాయమూర్తి నేరుగా రాజకీయ పోటీలోకి రావడాన్ని చాలామంది తప్పుపట్టారు. ఆ విమర్శలో న్యాయం ఉంది. జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. 1976లో కన్నుమూశారు.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఆ కేసు మొదలైంది ఆధార్ మీద. 1962లో ఓడిన అభిప్రాయమే 55 ఏళ్లకు గెలిచింది. మన ఫోన్ డేటా గురించి ఇవాళ కోర్టులో ఎవరు వాదించినా పునాది అదే.

మీ పాస్‌పోర్టు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, అప్పీలుకూ దారి ఉంది. ఇలాంటి కేసులు మీరే వాదించాలనిపిస్తోందా? నాలా బీటెక్ చేసినవాళ్లకు కూడా లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరే అవకాశం ఉంది.