అనీ ఓక్లీ: చేతిలో .22 రైఫిల్.. గురి తప్పని జీవితం! ఒక్క తప్పుడు వార్తపై ఏళ్ల తరబడి పోరాటం

కొకైన్‌కు బానిసై, ఆ మత్తు కోసం ఓ మగాడి ప్యాంటు దొంగిలించి జైలుపాలైన ప్రపంచ ప్రఖ్యాత షూటర్.. 1903 ఆగస్టు 11న షికాగోలో హర్స్ట్ గ్రూపు పత్రికలు అచ్చేసిన వార్త సారాంశం ఇది. రోజుల వ్యవధిలోనే టెలిగ్రాఫ్ తీగల మీద ఆ వార్త అమెరికా అంతా పాకింది. పదుల కొద్దీ పేపర్లు వెనకా ముందూ చూడకుండా వేసేశాయి. అసలు విషయం ఏంటంటే.. ఆ షూటర్ అప్పుడు షికాగోలో లేనే లేదు. పోలీసులకు దొరికిన మహిళ ఎవరో నాటకాల్లో ఆమె పేరు పెట్టుకుని తిరిగిన మరో నటి. ఇలా పరువు పోగొట్టుకున్నది అమెరికాలో ఆ రోజుల్లో ఇంటింటికీ తెలిసిన పేరు.. అనీ ఓక్లీ.

అనీకి ఒక అలవాటు ఉన్న మాట నిజమే. కాకపోతే అది కొకైన్ కాదు, తుపాకీ. ఎనిమిదేళ్ల వయసులో పట్టుకున్నది, అరవై దాటినా వదల్లేదు. ముఖ్యంగా .22 రిమ్‌ఫైర్ రైఫిల్ అంటే ఆమె చేతికి ఆరో వేలు లాంటిది.

పొయ్యి మీద వేలాడే తుపాకీ

అసలు పేరు ఫీబీ ఆన్ మోజీ. 1860 ఆగస్టు 13న ఒహాయో రాష్ట్రంలోని డార్క్ కౌంటీలో, దుంగలతో కట్టిన ఓ చిన్న ఇంట్లో పుట్టింది. అమ్మానాన్నలు క్వేకర్లు, అంటే గొడవలకూ యుద్ధాలకూ దూరంగా ఉండే శాంతి మతస్తులు. వాళ్లింట్లో పుట్టిన పిల్ల తుపాకీతో ప్రపంచమంతా పేరు తెచ్చుకోవడం విచిత్రమే కదా! తండ్రి జేకబ్ మిల్లుకెళ్లి తిరిగొస్తూ మంచు తుపానులో చిక్కుకున్నాడు. న్యుమోనియా పట్టుకుని 1866 మొదట్లోనే కన్నుమూశాడు. ఇంటి నిండా పిల్లలు, చేతిలో చిల్లిగవ్వ లేదు.

పొయ్యి పైన గోడకు తండ్రి పాత తుపాకీ వేలాడుతూ ఉండేది. ఎనిమిదేళ్లప్పుడు అనీ దాన్ని దించి, పెరట్లో కనిపించిన ఉడతను కొట్టింది. గుండు తలకే తగిలింది. అదే మొదటి వేట. వాళ్లమ్మకు మాత్రం అది ఏమాత్రం నచ్చలేదు.

ఆ తర్వాత వచ్చినవి చేదు రోజులు. పోషించలేక తల్లి ఆమెను కౌంటీ పేదల శరణాలయానికి పంపింది. అక్కడి నుంచి ఓ కుటుంబం పసిబిడ్డను చూసుకోవడానికని తీసుకెళ్లింది. వారానికి 50 సెంట్లు ఇస్తాం, బడికి పంపుతాం అని మాటిచ్చారు. ఇచ్చిందేమీ లేదు. తెల్లారకముందే లేపి, రాత్రి దాకా గొడ్డు చాకిరీ చేయించారు. ఓ రాత్రి బట్టలు కుడుతూ కునుకు తీసిందని, కాళ్లకు చెప్పుల్లేకుండా మంచులోకి నెట్టేశారు. దాదాపు రెండేళ్లు అలా గడిచాక పారిపోయింది. ఆ కుటుంబం పేరు జీవితంలో ఎన్నడూ బయటపెట్టలేదు. తోడేళ్లు అని మాత్రమే పిలిచేది.

ఇంటికొచ్చిన పిల్ల మళ్లీ తుపాకీ పట్టుకుంది. ఈసారి ఆటకు కాదు, అన్నానికి. పూరేడు పిట్టలు, కుందేళ్లు, అడవికోళ్లు కొట్టి గ్రీన్‌విల్‌లోని ఓ కిరాణా కొట్టుకు అమ్మేది. అక్కడి నుంచి ఆ మాంసం సిన్సినాటి హోటళ్లకు వెళ్లేది. ఆమె సరుకుకు గిరాకీ ఎక్కువ. ఎందుకంటే తలకే గురిపెట్టేది కాబట్టి మాంసంలో గుండ్లు ఉండేవి కావు, తినేవాళ్ల పన్ను విరిగేది కాదు! అలా రూపాయి రూపాయీ.. అంటే సెంటూ సెంటూ కూడబెట్టి, పదిహేనేళ్లకల్లా తల్లి పొలం మీదున్న 200 డాలర్ల తాకట్టు తీర్చేసింది. ఇవాళ వేట అంటే మనకు వేరే అభిప్రాయాలు ఉండొచ్చు. ఆ పొలం మిగిలింది మాత్రం ఆ పిట్టల వల్లే.

25వ గుండు దగ్గర ఓడిన మొగుడు

ఫ్రాంక్ బట్లర్ అని ఐర్లాండ్ నుంచి వచ్చిన ఓ షూటర్ ఊరూరా ప్రదర్శనలు ఇచ్చేవాడు. ఏ ఊరికెళ్తే ఆ ఊళ్లో పందెం కాసేవాడు. సిన్సినాటిలో అతనికి పోటీగా నిలబెట్టింది ఈ ఐదడుగుల అమ్మాయినే. 24 దాకా ఇద్దరూ సమానం. 25వ దాన్ని ఫ్రాంక్ తప్పాడు, ఆమె కొట్టింది. ఈ పోటీ 1875లో జరిగిందని కొందరు, 1881లో అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. పందెం ఓడిన ఫ్రాంక్ ఆమెనే పెళ్లాడాడు.

1882 మే 1న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఫ్రాంక్ జోడీదారుకు ఒంట్లో బాగోలేక అనీ స్టేజీ ఎక్కింది. ఆ తర్వాత దిగలేదు. ఓక్లీ అన్న పేరు పెట్టుకుంది అప్పుడే. కొంతకాలానికి ఫ్రాంక్ ఓ పని చేశాడు. ఆ రోజుల్లో ఏ మగాడూ చేయని పని! తను తప్పుకుని, భార్యను ముందు నిలబెట్టి, మేనేజరుగా మిగిలిపోయాడు. తుపాకులు తుడవడం, ఒప్పందాలు చూసుకోవడం, ఆమె కాల్చడానికి నోట్లో సిగరెట్ పెట్టుకుని నిలబడటం.. ఇవన్నీ అతని డ్యూటీలే.

.22లో ఏముంది అంత మజా?

ఇక్కడ కాస్త ఆగి ఆ తుపాకీ సంగతి చెప్పుకోవాలి. మామూలు పెద్ద తూటాకు అడుగున మధ్యలో చిన్న క్యాప్ ఉంటుంది, సుత్తి దాన్ని కొడుతుంది. రిమ్‌ఫైర్‌లో ఆ క్యాప్ ఉండదు. తూటా అడుగున చుట్టూ ఉండే అంచు లోపలే నిప్పంటుకునే మందు పరిచి ఉంటుంది. పిన్ను ఆ అంచును నొక్కితే చాలు, పేలుతుంది. అంచు నొక్కుకుపోవాలంటే రేకు పల్చగా ఉండాలి. పల్చగా ఉంటుంది కాబట్టి ఎక్కువ మందు కూరలేరు. అందుకే శబ్దం తక్కువ, భుజానికి తన్నదు, ధరా తక్కువే. కాకపోతే ఒకసారి పేలిన తొడుగు మళ్లీ పనికిరాదు. .22 షార్ట్ తూటా 1857లో స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్‌తో వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతా వాడే .22 లాంగ్ రైఫిల్ 1887లో స్టీవెన్స్ కంపెనీ నుంచి పుట్టింది. మన కాలేజీల్లో ఎన్‌సీసీ క్యాడెట్లు పాయింట్ టూ టూ అని పిలిచేది దీన్నే. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ పోటీపడిన 50 మీటర్ల రైఫిల్ ఈవెంట్లలో వాడేదీ ఇదే.

పెద్ద రైఫిల్ పది రౌండ్లు కాలిస్తే భుజం నొప్పి, జేబుకు చిల్లు. .22 అలా కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాల్చినా అలసట రాదు. ఇంకొక్క డబ్బా అవ్వగొట్టి లేద్దాం అనిపిస్తుంది, ఆ డబ్బా అయ్యాక మరొకటి. శబ్దానికి కళ్లు మూసుకోనక్కర్లేదు కాబట్టి ప్రతి తప్పూ కనిపిస్తుంది. తప్పు కనిపిస్తే దిద్దుకోవాలనిపిస్తుంది. వ్యసనం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. దీనికి అడాల్ఫ్ టాపర్‌వైన్‌ను మించిన ఉదాహరణ లేదు. 1907లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో పది రోజులపాటు .22 వించెస్టర్‌తో, గాల్లోకి విసిరిన 72,500 చెక్క ముక్కలను కాల్చాడు. తప్పినవి తొమ్మిదంటే తొమ్మిదే!

అనీ అంతకన్నా చాలా ముందే ఈ దారిలో నడిచింది. 1884లో ఒహాయోలోని టిఫిన్ పట్టణంలో స్టీవెన్స్ .22 రైఫిల్‌తో, గాల్లోకి ఎగరేసిన 1,000 గాజు బంతుల్లో 943 పగలగొట్టింది. అప్పటికి లాంగ్ రైఫిల్ తూటా పుట్టనేలేదు, ఉన్నవి అంతకంటే చిన్న తూటాలే. మరుసటి ఏడాది షాట్‌గన్‌తో ఒక్కరోజులో 5,000 బంతులకు 4,772 కొట్టింది. షాట్‌గన్‌లో రవ్వలు చెల్లాచెదురై పడతాయి, రైఫిల్‌లో ఉండేది ఒకే గుండు. కాబట్టి అంకె చిన్నదైనా టిఫిన్ లెక్కే బరువైంది అనాలి.

1893లో మార్లిన్ .22 రిపీటర్ పట్టుకుని 12 గజాల దూరంలో ఉన్న పేకముక్కను కాల్చింది. 27 సెకన్లలో 25 గుండ్లు. ఆసు ముక్క నడుమ ఉన్న హృదయం బొమ్మ మాయమై, దాని చోట ఒక కంత మిగిలింది. అంతే! లీవర్ లాగడం, గురి చూడటం, నొక్కడం.. మూడూ కలిపి గుండుకు సెకను చిల్లర. మార్లిన్ కంపెనీ 1891లో తెచ్చిన ఆ లీవర్ .22 వంశమే తర్వాత 1897 మోడల్‌గా, ఆపైన 39, 39ఏ రైఫిళ్లుగా సాగింది. 1897 మోడల్‌ను ఒక స్క్రూ తిప్పి రెండు ముక్కలుగా విడదీసి పెట్టెలో పెట్టుకోవచ్చు. ఇవాళ్టికీ అమెరికాలో పాత .22లు పోగేసేవాళ్లు ఈ వరుసలో ఒకటి కొంటే చాలు, మిగతావి వెతుక్కుంటూ పోతారు.

రాణి ఎదుట.. సిట్టింగ్ బుల్ పక్కన

1884లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో ఆమె ఆట చూసి సూ తెగ నాయకుడు సిట్టింగ్ బుల్ ముచ్చటపడ్డాడు. ఫొటో కోసం 65 డాలర్లు పంపాడు. కూతురిగా స్వీకరించి, చిట్టి సూటిగురి అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1885లో అనీ దంపతులు బఫెలో బిల్ వైల్డ్ వెస్ట్ షోలో చేరారు. 1887లో విక్టోరియా రాణి గోల్డెన్ జూబిలీకి లండన్, 1889లో పారిస్ ఎగ్జిబిషన్. అద్దంలో చూస్తూ వెనక్కి కాల్చడం, 30 అడుగులు వేసి అంచు తిప్పి పట్టుకున్న పేకముక్కను రెండుగా చీల్చడం లాంటివి చూసి జనం వెర్రెత్తిపోయారు. షోలో అన్నిసార్లూ అసలు గుండే వాడేవారా? లేదు. జనం మధ్య ప్రమాదం కాబట్టి అలాంటి షోల్లో చాలాసార్లు సన్నని రవ్వలు నింపిన తూటాలే వాడేవారు. అందుకే ఆమె గొప్ప తెలియాలంటే షోలు కాదు, పోటీల స్కోర్లు చూడాలి.

అన్నీ మంచి లక్షణాలే అనుకోవద్దు. లిలియన్ స్మిత్ అనే పదిహేనేళ్ల రైఫిల్ షూటర్ షోలోకి రాగానే అనీ తన వయసు ఆరేళ్లు తగ్గించి చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఇద్దరికీ పడలేదు. 1887 చివర్లో షో వదిలేసి, లిలియన్ వెళ్లాకే తిరిగొచ్చింది.

1898లో స్పెయిన్‌తో యుద్ధం రాబోతుంటే 50 మంది మహిళా షూటర్ల దళాన్ని ఇస్తానని అధ్యక్షుడు మెకిన్లీకి లేఖ రాసింది. సొంత తుపాకులు, సొంత తూటాలు అని కూడా రాసింది. సర్కారు పట్టించుకోలేదు. 1901 అక్టోబర్‌లో నార్త్ కరోలినాలో షో రైలు మరో రైలును ఢీకొట్టింది. ఆమె వెన్ను దెబ్బతింది, షో నుంచి తప్పుకుంది.

55 పత్రికలపై దావా

సరిగ్గా అలాంటప్పుడు పడింది ఆ కొకైన్ పిడుగు. తప్పని తేలాక కొన్ని పేపర్లు సవరణ వేశాయి. ఆమె ఊరుకోలేదు. 55 పత్రికల మీద పరువు నష్టం దావాలు వేసింది. ఊరూరా కోర్టులకు వెళ్లి బోనెక్కి సాక్ష్యం చెప్పింది. 1910 దాకా అదే పని. హర్స్ట్ మనుషులు ఆమె పాత బతుకులో మచ్చ ఏదైనా దొరుకుతుందేమోనని డార్క్ కౌంటీకి డిటెక్టివ్‌ను పంపారు. ఏమీ దొరకలేదు. చివరికి 54 కేసుల్లో గెలుపో, రాజీయో దక్కింది. హర్స్ట్ పత్రికలు కట్టాల్సి వచ్చింది 27,500 డాలర్లు. అయినా లాయర్లకూ రైళ్లకూ పెట్టిన ఖర్చు ముందు వచ్చింది తక్కువే. ప్రదర్శనలకు పెట్టాల్సిన ఏళ్లు కోర్టు బెంచీల మీద గడిచిపోయాయి. డబ్బు కోసమే అయితే మొదటి ఏడాదే ఆపేయాల్సింది.

1913లో షోలకు పూర్తిగా దండం పెట్టేసింది. తుపాకీకి మాత్రం పెట్టలేదు. నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్‌లో చలికాలాల్లో ఆడవాళ్లకు ఉచితంగా షూటింగ్ నేర్పింది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు వేలల్లో ఉంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక శిబిరాలు తిరిగింది. జనం దాచిపెట్టిన నోట్లను ఆమె కుక్క డేవ్ వాసన పట్టి తెస్తే, ఆ డబ్బు రెడ్‌క్రాస్‌కు వెళ్లేది. బంగారు మెడల్స్ కరిగించి అమ్మి, వచ్చింది క్షయ రోగుల ఆస్పత్రికి ఇచ్చేసింది.

1922లో 16 గజాల నుంచి వరుసగా 100 మట్టి బిళ్లలు కొట్టింది. అదే ఏడాది నవంబర్‌లో ఫ్లోరిడాలో కారు బోల్తాపడి తుంటి విరిగింది. కాలికి ఇనుప పట్టీ వేశారు. ఆ పట్టీతోనే లేచి నిలబడి మళ్లీ కాల్చింది.

1926 నవంబర్ 3న గ్రీన్‌విల్‌లో రక్తహీనతతో కన్నుమూసింది. పిల్లల్లేరు. ఆమె పోయాక సరిగ్గా 18 రోజులకు ఫ్రాంక్ కూడా వెళ్లిపోయాడు. ఇద్దరినీ బ్రాక్ శ్మశానంలో పక్కపక్కనే పాతిపెట్టారు. అమెరికాలో చాలాకాలం సినిమా, సర్కస్ ఉచిత పాసులను అనీ ఓక్లీలు అనేవారు. చిల్లు పొడిచి ఇస్తారు కాబట్టి, ఆమె కాల్చిన పేకముక్కల్లా ఉంటాయని! ఇక 2012లో డల్లాస్‌లో ఆమె వారసుల దగ్గరున్న వస్తువులను వేలం వేస్తే, ఒక్క పార్కర్ షాట్‌గన్ 1,43,400 డాలర్లు పలికింది.