జనపనార మెలికలో రేడియో తరంగం

రాజాంలో ఉండేవాళ్ళకి జనపనార గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మిల్లులు, గోనె సంచులు మనకి తెలిసినవే. అదే నారతో ఒకాయన రేడియో తరంగాల మీద ప్రయోగం చేశారు. ఆయన జగదీశ్ చంద్ర బోస్. స్కూల్లో మనం చదివింది మొక్కల బోస్ గురించి. ఈసీఈలో చేరాకే నాకు రేడియో బోస్ పరిచయమయ్యారు.

1858 నవంబర్ 30న, ఇప్పటి బంగ్లాదేశ్ ప్రాంతంలో పుట్టారు. తండ్రి ప్రభుత్వ అధికారి. అయినా కొడుకుని ముందు బెంగాలీ మీడియం బడిలోనే వేశారు. ఆ తర్వాత కేంబ్రిడ్జ్ చదువు. 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం. తెల్ల ప్రొఫెసర్లకి ఒక జీతం, మనవాళ్ళకి అంతకన్నా తక్కువ. బోస్ గొడవ చెయ్యలేదు, ఉద్యోగం మానలేదు. మూడేళ్ళు పాఠాలు చెప్పారు గానీ జీతం మాత్రం ముట్టుకోలేదు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి మొత్తం బాకీ కట్టింది.

సరైన ల్యాబ్ లేదు. ఒక రేకుపని మేస్త్రీకి నేర్పించి పరికరాలు చేయించుకున్నారు. 1895లో కలకత్తాలో అందరి ముందు, గోడలు దాటించి, సుమారు 23 మీటర్ల దూరంలో తరంగాలతో గంట మోగించారు. మిగతావాళ్ళు దూరం కోసం పొడవైన తరంగాల వైపు వెళ్తుంటే, ఈయన 5 మిల్లీమీటర్ల దాకా కుదించారు. అంటే మన లెక్కలో 60 గిగాహెర్ట్జ్!

1898లో వచ్చింది జనపనార ప్రయోగం. నారని కట్టగా మెలిపెట్టి తరంగాన్ని అందులోంచి పంపారు. కుడికి తిప్పిన మెలిక పోలరైజేషన్‌ని ఒక వైపు, ఎడమకి తిప్పినది రెండో వైపు తిప్పింది.

దీనితో మనకేం పని? మేడల మీద ఎదురెదురుగా పెట్టే రేడియో లింకులు చూడండి. ఒక యాంటెన్నా నిలువుగా, ఎదుటిది అడ్డంగా ఉంటే సిగ్నల్ దాదాపు మాయం. ఆ గుణాన్నే వాడుకుని ఒకే ఫ్రీక్వెన్సీలో నిలువుగా ఒక డేటా ధార, అడ్డంగా ఇంకోటి పంపుతారు. 5 గిగాహెర్ట్జ్ పెట్టె మీద రాసే 300 ఎంబీపీఎస్ అలా 150 చొప్పున రెండు కలిపితే వచ్చిందే. కానీ ఫైల్ కాపీ చేస్తే అందులో ఇంచుమించు సగమే చేతికొస్తుంది. ఎందుకంటే ఆ 300 గాలిలో వేగం. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఆగాలి. ప్రతి ప్యాకెట్‌కీ హెడర్లు, అందిందన్న జవాబు, మధ్యలో విరామం ఉంటాయి. ఇవన్నీ పోగా మిగిలిందే మనది.

బోస్ గారి 60 గిగాహెర్ట్జ్‌లో గిగాబిట్లు వస్తాయి. అయితే గాలిలో ఆక్సిజనే కిలోమీటరుకి సుమారు 15 డెసిబెల్స్ మింగేస్తుంది. పైన వాన తోడైతే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ఆ లింకులు దగ్గరి దూరాలకే. ఆ బలహీనతే వరం కూడా: పక్క వీధి లింకు మన లింకుకి అడ్డు రాదు.

స్నేహితుల బలవంతం మీద తీసుకున్న డిటెక్టర్ పేటెంట్ 1904లో వచ్చింది. దానితో డబ్బు చేసుకోకుండా వదిలేశారు. 1917లో కలకత్తాలో పరిశోధనా సంస్థ పెట్టారు. 1937 నవంబర్ 23న కన్నుమూశారు. ఆయన వాడిన ఫ్రీక్వెన్సీ మేడల మీదికి రావడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. ఈసారి ల్యాబ్‌లో లింకు పెడితే, పెట్టె మీది అంకె కాకుండా కొలిచిన అంకె రికార్డులో రాద్దాం.