మనోరోగుల నర్సు లిండా రిచర్డ్సు

లిండా రిచర్డ్సు 1841లో అమెరికా దేశములో జన్మించెను. బాల్యములోనే క్షయతో బాధపడు తల్లికి ఉపచారము చేసెను. 1873లో బోస్టను నగరమందు శిక్షణ ముగించి, ఆ దేశములో నర్సు పట్టా పొందిన మొదటి స్త్రీ ఆయెను. 1886లో మిషనెరీగా జపానుకు వెళ్లి, క్యోటోలో నర్సుల పాఠశాల నడిపెను.

ఆమె పనిచేసిన మసచూసెట్సు రాష్ట్రమందు ఇద్దరు వైద్యుల పత్రముతో, న్యాయాధిపతి ఉత్తరువు మీద మనోరోగులను ఆసుపత్రిలో చేర్చుకొనుచుండిరి. అయితే లోపల వారిని కనిపెట్టుకొనియుండు వారిలో అనేకులు శిక్షణ లేనివారు. వారి చేతిలో తాళపుచెవులుండెను గాని, రోగిని ఓదార్చు నేర్పు లేదు. శిక్షణ పొందిన నర్సులు ఆ పనికి వచ్చుట అరుదు.

1899లో, విశ్రాంతి కోరదగిన వయసులో, రిచర్డ్సు టాంటన్ పిచ్చాసుపత్రికి వెళ్లెను. అక్కడను, పిమ్మట వూస్టరులోను, మిషిగన్ రాష్ట్రమందలి కలమజూలోను నర్సులకు శిక్షణ ఏర్పరచెను. శరీరరోగికి జరుగు సేవకంటె మనోరోగికి జరుగు సేవ తక్కువ కారాదని ఆమె నమ్మకము. 1911లో పని విరమించి, 1930లో మరణించెను.

ప్రియులారా, మన యింట ఎవరికైనను మతి చలించినయెడల సిగ్గుపడి దాచకుడి, కట్టి కొట్టకుడి. జ్వరము వచ్చిన బిడ్డను తీసికొనిపోయినట్లే వైద్యుని యొద్దకు తీసికొనిపోవుడి. ఆసుపత్రిలో చేర్చుటతో మన పని తీరలేదు. గాయపడినవానిని పూటకూళ్ల యింట చేర్చిన సమరయుడు, మరల వచ్చెదనని చెప్పియే వెళ్లెను. మనవారిని చూడబోవుట మనమును మానకుందము.