మంచు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నిప్పు ఇంజను: రుడాల్ఫ్ డీజిల్ జీవితకథ

మిన్నెసోటా చలి గురించి ఈ సంచిక చదివేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. మా తెలుగు బడి సంక్రాంతి సంబరాల రోజు పొద్దున సున్నాకి కింద 20 డిగ్రీల ఫారన్‌హీట్. స్టేజి సామాను, బొమ్మల కొలువు మెట్లు, హరిదాసు వేషం, అన్నీ ముందురోజు రాత్రే ఒక పేరెంటుగారి డీజిల్ పికప్పులో సర్దుకున్నాం. తీరా బయలుదేరబోతే బండి మూలిగి ఊరుకుంది. రాత్రి దాని హీటరు తీగను కరెంటు ప్లగ్గులో పెట్టడం అందరం మరిచిపోయాం. సామానంతా నాలుగు కార్లలోకి మార్చుకుని, కార్యక్రమం గంటన్నర ఆలస్యంగా మొదలుపెట్టాం.

ఆ హడావిడిలో మూడో తరగతి పిల్లవాడొకడు డీజిల్ అనేది ఏ భాష మాట అని అడిగాడు. మాట కాదు నాన్నా, ఒక మనిషి పేరు అంటే నమ్మలేదు. మాలో చాలామందిమి ఇండియాలో ఇంజనీరింగు చదివినవాళ్ళమే, పరీక్షల్లో డీజిల్ సైకిల్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. కానీ ఆ మనిషి గురించి మాకూ రెండు ముక్కలకు మించి తెలియదు! ఆ సిగ్గుతో చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు బవేరియా నుంచి బతకడానికి వచ్చిన జర్మన్లు. తండ్రి పుస్తకాలు బైండు చేసేవాడు, తోలు సామాను తయారుచేసేవాడు. అంటే మన పిల్లల్లాగే పరాయి దేశంలో పుట్టి పెరిగిన బిడ్డ అన్నమాట. 1870లో ఫ్రాన్సుకీ ప్రష్యాకీ యుద్ధం రావడంతో జర్మన్లు పారిస్ వదలవలసి వచ్చింది. ఆ కుటుంబం లండన్ చేరింది. అక్కడ పూట గడవడమే కష్టం కావడంతో, 12 ఏళ్ళ రుడాల్ఫ్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల ఇంటికి పంపేశారు. ఆ ఇంటి పెద్ద లెక్కల మాస్టారు. ఆ నీడనే కుర్రాడు ఇంజనీరు కావాలని తీర్మానించుకున్నాడు. ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లీషు మూడూ ధారాళంగా వచ్చాయి. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాషతో తికమకపడే మన పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో ఆయనకు పాఠం చెప్పిన గురువు కార్ల్ ఫాన్ లిండే, అంటే శీతల యంత్రాలకు ఆద్యుల్లో ఒకరు. ఆ రోజుల్లో మంచి ఆవిరి ఇంజను కూడా బొగ్గులోని వేడిలో పదో వంతు మాత్రమే పనిగా మార్చేది, మిగతాదంతా వృథా. ఈ విషయం విన్నప్పటి నుంచి రుడాల్ఫ్‌కు నిద్ర పట్టలేదు. 1879లో టైఫాయిడ్ వచ్చి చివరి పరీక్ష తప్పిపోయినా, 1880 జనవరిలో రాసి అత్యున్నత మార్కులతో బయటపడ్డాడు. తర్వాత గురువుగారి తరఫున పారిస్‌లో మంచు తయారుచేసే ఫ్యాక్టరీ పనుల్లో చేరాడు. పగలంతా మంచు పని, మనసంతా నిప్పు ఇంజను!

ఆయన ఆలోచన ఏమిటంటే: సైకిలు పంపును వేలితో మూసి గట్టిగా నొక్కితే పంపు వేడెక్కుతుంది కదా? గాలిని ఇరుకులో నొక్కితే అది వేడెక్కుతుంది. సిలిండరులోని గాలిని పదిహేను, ఇరవై వంతుల్లో ఒక వంతుకు నొక్కేస్తే వేడి 500 డిగ్రీల సెంటిగ్రేడ్ దాటుతుంది. అందులోకి ఇంధనం చిమ్మితే అగ్గిపుల్ల అక్కరలేకుండా తనే అంటుకుంటుంది. పెట్రోలు బండిలో ఉండే స్పార్క్ ప్లగ్గు దీనికి ఉండదు. ఈ ఆలోచనకు 1893లో జర్మన్ పేటెంటు వచ్చింది. అదే ఏడు పుస్తకంగానూ అచ్చువేశాడు.

కాగితం మీద ఉన్నది ఇనుములో రావాలిగా! ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీ పెద్ద హైన్రిక్ ఫాన్ బుజ్ ఆయనను నమ్మి, పని చేసుకోనిచ్చాడు. 1893 ఆగస్టు 10న మొదటి ప్రయోగం. ఇంధనం చిమ్మగానే పేలుడు, ఒత్తిడి కొలిచే పరికరం ముక్కలై ఎగిరింది. అదృష్టవశాత్తూ ఎవరికీ ప్రాణాపాయం కాలేదు. డీజిల్ మాత్రం సంతోషించాడు, ఎందుకంటే ఇంధనం తనంతట తాను అంటుకుంటుందని రుజువైంది. 1894 ఫిబ్రవరి 17న ఇంజను తన శక్తితో తాను నిమిషంపాటు తిరిగింది. సరిగ్గా మూడేళ్ళకు, 1897 ఫిబ్రవరి 17న, ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ పరీక్షించి ఇంధనంలోని శక్తిలో 26.2 శాతం పనిగా మారుతోందని తేల్చారు. ప్రపంచం నివ్వెరపోయింది. 1900 పారిస్ ప్రదర్శనలో గ్రాండ్ ప్రీ బహుమతి వచ్చింది. అక్కడ ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. మన పల్లీల నూనెతో, ఊహించండి!

డబ్బు, పేరు వచ్చాయి. మ్యూనిక్‌లో మేడ కట్టాడు. కానీ పేటెంటు తగాదాలు, తప్పుడు పెట్టుబడులు, తలనొప్పులు ఆయనను కుంగదీశాయి. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లండు వెళ్ళే డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. భోజనం చేసి గదికి వెళ్ళాడు. తెల్లారేసరికి లేడు. కొన్ని రోజుల తర్వాత ఒక డచ్చి పడవ వారికి సముద్రంలో దొరికిన దేహం మీది వస్తువులను ఆయన కొడుకు గుర్తుపట్టాడు. ఆయన ఖాతాలు ఖాళీ అయ్యాయని ఇంటివారికి తర్వాతే తెలిసింది. అది ప్రమాదమో, ఆత్మహత్యో, మరొకటో ఈనాటికీ తేలలేదు. అప్పటికి ఆయన వయసు 55. తన బాధ ఇంట్లోవాళ్ళతో చెప్పుకోలేకపోయాడేమో అనిపిస్తుంది మాకు.

ఇంజను మాత్రం ఆగలేదు. 1924 నాటికి లారీల్లోకి, 1936లో మెర్సిడెస్ కారులోకి వచ్చింది. మన ఊళ్ళలో బోరు నీళ్ళు తోడిన ఆయిలింజను కూడా ఇదే. చిన్న మీట ఎత్తి గాలి వదిలేసి, హ్యాండిలు తిప్పి, చక్రం వేగం అందుకోగానే మీట దించేసేవారు. గాలి ఒక్కసారి నలిగి వేడెక్కేది, ఇంజను టుకుటుకుమనేది. మా తాతయ్యలు ఏ పుస్తకమూ చదవకుండానే ఈ సూత్రాన్ని చేత్తో చేశారు.

ఆ సూత్రానికి శత్రువు చలి. సిలిండరు గోడలు మంచులా ఉంటే నొక్కిన గాలిలోని వేడిని అవే లాగేసుకుంటాయి. ఇంజనాయిలు చిక్కబడి తిరగనివ్వదు, బ్యాటరీ సగం సత్తువ కోల్పోతుంది. ఇంకో చిక్కు ఇంధనంలోనే ఉంది. చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్టు, డీజిల్‌లోని మైనం రవ్వలు కట్టి ఫిల్టరును మూసేస్తుంది. మామూలు రెండో నంబరు డీజిల్‌లో ఇది 14 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరే మొదలుకావచ్చు. అందుకే ఇక్కడి బంకుల్లో చలికాలానికి పలచని ఒకటో నంబరు కలుపుతారు.

బడి పెద్దలకు మేం నేర్చుకున్నవి నాలుగు చెబుతాం. చలి ముదిరితే రాత్రే హీటరు తీగను ప్లగ్గులో పెట్టండి. తాళం తిప్పాక లోపలి గాలిని వేడిచేసే గ్లో ప్లగ్గుల దీపం ఆరేదాకా ఆగి అప్పుడు స్టార్టు చేయండి. మైనం కట్టకుండా చూసే మందు ముందే పోయాలి, గడ్డకట్టాక పోస్తే లాభం లేదు. గ్లో ప్లగ్గులున్న బండికి ఈథరు స్ప్రే కొట్టకండి, పేలే ప్రమాదముంది.

ఇంకొక్క సంగతి. 2018 నుంచి మన మిన్నెసోటాలో వేసవి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలి, చలికాలంలో 5 శాతమే, ఎందుకంటే నూనెలు త్వరగా గడ్డకడతాయి. పారిస్ వేరుశనగ నూనె ఇంకా మన ట్యాంకుల్లో ఉందన్నమాట!

డీజిల్ ఆలోచన సరైనదే. కానీ దాన్ని మంచులో నడిపించింది ఆయన తర్వాత వచ్చిన హీటర్లు, గ్లో ప్లగ్గులు, పంపులు చేసిన పేరులేని ఎందరో. పిల్లలూ, కష్టం వచ్చిన రోజు ఒంటరిగా భరించకండి, అమ్మానాన్నలకు చెప్పండి, మాకైనా చెప్పండి. ఆ రోజు మొరాయించిన పికప్పు కూడా మర్నాడు నాలుగు గంటలు ప్లగ్గులో ఉన్నాక ఒక్క తిప్పుకే స్టార్టయింది.