లుడ్విగ్ గట్‌మన్

బెల్లంపల్లి, మందమర్రి ప్రాంతాల విద్యార్థులకు బొగ్గుగనుల జీవితం తెలియనిది కాదు. లుడ్విగ్ గట్‌మన్ కథ కూడా అటువంటి బొగ్గుసీమలోనే మొదలైంది. ఆయన 1899 జూలై 3న నాటి జర్మనీలోని సైలీషియాలో, టోస్ట్ అనే ఊర ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. 1917లో, ఇంకా పద్దెనిమిదేండ్ల ప్రాయంలో, ప్రమాదాలకు గురైన వారి ఆసుపత్రిలో సహాయకుడుగా చేరాడు. ఒకనాడు వెన్నెముక విరిగిన యువ గనికార్మికుణ్ణి అక్కడికి తెచ్చారు. మనిషి దృఢకాయుడు. ఎలాగూ బ్రతకడు గనుక అతని వివరాలు వ్రాసుకోవడం కూడా వృథాయని పెద్దలు తేల్చివేశారు. కొన్ని వారాలలోనే మూత్రకోశ వ్యాధి, శయ్యావ్రణాలు అతణ్ణి బలిగొన్నాయి. గట్‌మన్ ఆ యువకుణ్ణి జీవితాంతం మరువలేదు.

తరువాత ఆయన బ్రెస్లావ్ నగరంలో నాడీ శస్త్రవైద్యుడుగా పేరొందాడు. యూదుడైనందున 1933లో నాజీల ఏలుబడిలో పదవి పోయింది. 1939లో భార్యాబిడ్డలతో ఇంగ్లండు చేరాడు.

1944 ఫిబ్రవరి 1న స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగం ఆయన ఆధ్వర్యంలో ప్రారంభమైంది. స్పర్శ లేని దేహం ఒకే ప్రక్కన పడి ఉంటే ఒత్తిడికి రక్తప్రసరణ ఆగి చర్మం కుళ్లుతుంది. నొప్పి తెలియదు కాబట్టి రోగికి హెచ్చరికయే ఉండదు. అందుచేత రాత్రింబవళ్లు రెండు గంటలకొకమారు ఒత్తిగిలింపజేయాలని ఆయన నియమం పెట్టాడు. అర్ధరాత్రి తానే వార్డుకు వచ్చి పరిశీలించేవాడు. గొప్ప ఔషధమేదో కనిపెట్టి కాదు, ఈ మాత్రపు పరిచర్యతోనే ప్రాణాలు నిలిపాడు!

మన పల్లెలో తాటిచెట్టు మీదినుండి జారిపడిన పదహారేండ్ల బాలుణ్ణి ఊహించండి. తండ్రి గుమ్మం అవతల డాక్టరుతో గుసగుసలాడతాడు. నాలుగు రోజులలో లేచి నడుస్తావని చుట్టాలు బొంకుతారు. తల్లి కొంగుతో కన్నులు ఒత్తుకుంటుంది. బాలుడు అన్నీ గ్రహిస్తూనే ఉంటాడు. అడిగితే అమ్మ ఏడుస్తుందని అడగడు. ఇక్కడ నర్సు పని ప్రక్క మార్చడంతో ముగియదు. వెన్ను మెలిపడకుండా ఎట్లా తిప్పాలో తల్లికి చేయిపట్టి నేర్పాలి. మడమలు, పిరుదులు ఎర్రబారాయేమో అద్దంలో చూసుకోవడం బాలునికే అలవరచాలి. అతని సంగతి అతని ఎదుటనే, అతనితోనే మాట్లాడాలి.

రోగి మంచం దిగి పనిలో పడాలన్నది గట్‌మన్ పట్టుదల. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ఆరంభమైన నాడే, చక్రాల కుర్చీలలోని 16 మందితో ఆసుపత్రి ఆవరణలో విలువిద్య పోటీ జరిపించాడు. ఆ పోటీయే 1960లో రోమ్ నగరానికి చేరి, పారాలింపిక్ క్రీడలకు నాంది అయింది. 1966లో ఆయనకు సర్ బిరుదు లభించింది. 1980 మార్చి 18న కన్నుమూశాడు. ఆ క్రీడలలోనే 2024లో పారిస్‌లో మన వరంగల్ జిల్లా కల్లెడ యువతి జీవంజి దీప్తి 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది.