జంగ్ సెగ్వన్ – వాయిదాల మీద ఇళ్ళు కట్టిచ్చిన మనిషి

మన సంఘం ఈసారి వెలువరిస్తున్న ప్రత్యేక సంచిక గృహవసతికి సంబంధించినది కనుక, ఆ రంగంలో పేరుపొందిన ఒకరి జీవితం రాయమని సంపాదక వర్గంవారు నన్ను కోరారు. మన దేశపు పెద్దల గురించి మిత్రులు చాలామంది రాస్తారు గదా అని నేను కొంచెం దూరం వెళ్ళాను. కొరియా దేశమంటే ఇవాళ మనవాళ్ళకు కొత్త కాదు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక అనంతపురం వైపు హోటళ్ళ బోర్డుల మీద కూడా ఆ లిపి కనిపిస్తోంది. ఆ దేశం పరాయి పాలనలో ఉన్న రోజుల్లో, సామాన్యుడు కొనగలిగే ఇళ్ళు కట్టడానికి ఒక కంపెనీ పెట్టిన జంగ్ సెగ్వన్ కథ ఇది. కొరియన్లు ఇంటిపేరు ముందు చెబుతారు, మనలాగే. జంగ్ అనేది ఇంటిపేరు.

ఆయన 1888లో దక్షిణ కొరియా సముద్రతీరాన ఉన్న గోసాంగ్ ప్రాంతంలో ఒక పల్లెటూరిలో పుట్టారు. 1910లో జపాన్ కొరియాను తనలో కలిపేసుకుంది. అదే సంవత్సరం ఇరవై రెండేళ్ళ సెగ్వన్ తన ప్రాంతంలో కొన్ని గ్రామాలకు కలిపి ఉండే అధికారి పదవిలో చేరారు. మన పాత మునసబు, ఫిర్కా ఉద్యోగాల మధ్యస్థంగా ఉండే పదవి అనుకోవచ్చు. రెవెన్యూ ఖాతాలో పనిచేసినవారికి చెప్పనక్కర లేదు, భూమి లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ కుర్చీలో కూర్చున్నవాడికి తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఆయన అందులో ఎక్కువ కాలం ఉండలేదు. జపాన్ ప్రభుత్వం కింద ఉద్యోగం రుచించక మానేశారని చెబుతారు. 1919లో, అంటే దేశమంతటా స్వాతంత్ర్యం కోసం జనం వీధుల్లోకి వచ్చిన సంవత్సరంలోనే, కుటుంబంతో రాజధాని సియోల్ చేరుకున్నారు. అప్పట్లో ఆ నగరాన్ని జపానువారు కేయిజో అని పిలిచేవారు.

1920లో గన్యాంగ్‌సా అనే కంపెనీ పెట్టారు. పని ఒక్కటే. స్థలం కొనడం, ముక్కలు చేయడం, ఇళ్ళు కట్టడం, అమ్మడం.

ఆ పని అప్పుడు ఎందుకు అవసరమైందో కొంచెం వివరంగా చెప్పాలి. 1920లో ఆ నగర జనాభా సుమారు రెండున్నర లక్షలు. 1940 నాటికి అది తొమ్మిది లక్షలు దాటింది. 1936లో నగరపు హద్దులు పెంచడం వల్ల కొంత పెరిగిన మాట నిజమే గాని, పల్లెల్లో భూములు పోగొట్టుకొని బ్రతుకుతెరువు కోసం వచ్చినవారే ఎక్కువ. ఊరి చివర నేలలో గుంత తవ్వి పైన గడ్డి కప్పుకొని కాపురాలు చేసినవారు వేల సంఖ్యలో ఉండేవారు. ప్రభుత్వం తరఫున ఇళ్ళు కట్టే సంస్థ ఏర్పడింది 1941లో మాత్రమే. మన హైదరాబాదులో మూసీ వరద తర్వాత 1912లోనే నగరాభివృద్ధి మండలి పెట్టారన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు.

ఇంకొక చిక్కు ఉంది. సియోల్ నడుమ చంగ్యేచన్ అనే వాగు పారుతుంది. దానికి దక్షిణాన జపానువారి దుకాణాలు, బ్యాంకులు, ఇళ్ళు. ఉత్తరాన కొరియన్ల పాత నగరం, రాజభవనాలు. పరిపాలకులు 1926లో తమ ముఖ్య కార్యాలయాన్ని ఉత్తరాన ఉన్న రాజభవన ప్రాంగణంలోనే కట్టుకున్నారు. దానితో జపాన్ ఉద్యోగులు, వ్యాపారులు కూడా వాగు దాటి ఉత్తరానికి రాసాగారు. అక్కడి పాత ప్రభు కుటుంబాలు చితికిపోయి పెద్ద పెద్ద లోగిళ్ళు అమ్మకానికి పెడుతున్నాయి. కొనే స్తోమత చూస్తే కొత్తగా వచ్చినవారికే ఉంది. అలాగే సాగితే కొరియన్లకు సొంత రాజధానిలోనే కాలు మోపే చోటు మిగలదు.

సెగ్వన్ చేసిన లెక్క పైకి చాలా తేలిక. ఒక పెద్ద లోగిలిని ఒక్క మనిషి కొనలేడు. దాన్ని నలభై ముక్కలు చేసి మధ్య సందులు తీసి నలభై చిన్న ఇళ్ళు కడితే నలభై మంది కొనగలరు. రాజవంశీకుల పాత దివాణం ఉండిన ఇక్సన్-దోంగ్, కొండవాలున ఉన్న గహ్వే-దోంగ్, సామ్‌చంగ్-దోంగ్ మొదలైన పేటలలో ఆయన ఈ విధంగానే చేశారు. దోంగ్ అంటే పేట. ఏటా మూడు వందల ఇళ్ళ దాకా కట్టేవారట. ఆ రోజుల్లో పత్రికలు, జనం ఆయన్ను ఇళ్ళ నిర్మాణంలో రాజుగా చెప్పుకొనేవారు.

ఆయన కట్టినవి హనోక్ అనే సంప్రదాయపు పెంకుటిళ్ళు. కానీ పాత హనోక్ కాదు. పెద్ద కుటుంబాల లోగిలిలో మగవారి సావడి వేరు, ఆడవారి లోపలి ఇల్లు వేరు, పనివారి వరస వేరు. సెగ్వన్ వీటన్నిటినీ ఒకే కప్పు కిందికి తెచ్చి, చిన్న నడిమి వాకిలి చుట్టూ గదులు తిప్పారు. మన గోదావరి జిల్లాల మండువా ఇల్లు చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. వంటింటి పొయ్యి వేడి నేల కిందుగా పోయి గది అంతా వెచ్చబరిచే ఓన్‌దోల్ ఏర్పాటు అలాగే ఉంచారు. ఆ దేశపు చలికి అది లేకపోతే కుదరదు. దాంతోపాటు విద్యుత్తు, కుళాయి నీరు, వసారాకు గాజు తలుపులు, చూరుకు రేకు తూములు పెట్టారు. జపాన్ తరహా ఇల్లు కట్టి అమ్మితే ఆయనకు లాభం ఇంకా ఎక్కువ వచ్చేదేమో. ఆ పని చేయలేదు. కలప కొలతలు అన్ని ఇళ్ళకూ దాదాపు ఒకేలా ఉంచడం వల్ల ఖర్చు తగ్గింది, పని త్వరగా సాగింది.

అసలు విశేషం అమ్మకంలో ఉంది. మొత్తం సొమ్ము ఒక్కసారి తెచ్చి ఇవ్వగలిగినవాడు ఎలాగైనా ఇల్లు కొంటాడు. నెలజీతం మీద, చిన్న వ్యాపారం మీద బ్రతికేవాడి మాటేమిటి? తక్కువ వడ్డీకి అప్పులిచ్చే బ్యాంకుల తలుపులు కొరియన్లకు అంత సులభంగా తెరుచుకునేవి కావు. అందుకని గన్యాంగ్‌సా కొంత సొమ్ము ముందుగా పుచ్చుకొని, మిగిలినది నెలకింత అనో ఏడాదికింత అనో వాయిదాల మీద తీసుకొనే ఏర్పాటు పెట్టింది. కట్టేదీ తానే, అప్పు భరించేదీ తానే. మన మిత్రులలో హౌస్ బిల్డింగ్ అడ్వాన్స్ తీసుకోనివారు తక్కువ. అసలు తీరాక వడ్డీ వాయిదాలు మొదలై, రిటైర్మెంటు నాటికి గ్రాట్యుటీలో మిగిలింది పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. నా జీతం బిల్లులో ఆ కోత నూటఎనభై నెలలు నడిచింది. వాయిదా అనే చిన్న మాట లేకుంటే మనలో సగం మందికి ఇవాళ అద్దె ఇల్లే గతి. 1920లలో ఒక ప్రైవేటు మనిషి, వెనుక ట్రెజరీ లేకుండా, ఆ భారం నెత్తిన వేసుకోవడమంటే మాటలు కాదు. వాయిదా ఎగవేసినవాడు కొట్టే దెబ్బ నేరుగా కంపెనీకే తగులుతుంది.

ఆయన దేశభక్తుడా, లాభం చూసుకున్న వ్యాపారా అని అక్కడ కొందరు ఇప్పటికీ చర్చిస్తారట. సందులు ఇరుకు, స్థలాలు చిన్నవి అన్న విమర్శ కూడా ఉంది. నా మట్టుకు నాకు ఈ చర్చ అనవసరమనిపిస్తుంది. ఆయన లాభం తీసుకున్నారు, దాచలేదు. లాభం లేకపోతే రెండో వరుస ఇళ్ళు లేచేవే కావు. చూడవలసింది ఆ లాభం ఎటు పోయిందన్నది.

అందులో కొంత స్వదేశీ ఉద్యమానికి పోయింది. మన ఖద్దరు ఉద్యమం వంటిదే కొరియాలోనూ 1920లో ప్యాంగ్‌యాంగ్‌లో మొదలై, 1923లో సియోల్‌కు వచ్చింది. దాన్ని మొదలుపెట్టిన చో మాన్సిక్‌ను కొరియా గాంధీ అనేవారు. కొన్నేళ్ళకు ఉత్సాహం చల్లారి ఆ సంఘం అద్దె కూడా కట్టుకోలేని స్థితికి వచ్చినప్పుడు సెగ్వన్ చెయ్యి అందించారు. సొమ్మిచ్చారు, భవనం కట్టించారు, దాని పత్రిక నడవడానికి తోడ్పడ్డారు.

మరికొంత భాషకు పోయింది. ఈ ఘట్టం వల్లనే నేను ఈయన్ను ఎంచుకున్నాను. బడులలో కొరియన్ భాషను క్రమంగా తగ్గించి జపానీస్ రుద్దుతున్న కాలంలో, కొరియన్ భాషా సంఘం అనే పండితుల సంస్థ ఒక మహా నిఘంటువు తయారు చేయ తలపెట్టింది. లీ గుక్‌రో దానికి ముఖ్యుడు. మనకు సూర్యరాయాంధ్ర నిఘంటువు వెనుక పిఠాపురం మహారాజావారు ఉన్నారు. వారికి రాజులు లేరు. 1935లో సెగ్వన్ హ్వా-దోంగ్‌లో ఒక రెండంతస్తుల ఇల్లు ఆ సంఘానికి ఉచితంగా ఇచ్చారు. మాటల చీటీలు రాసుకొని పెట్టెల్లో పేర్చుకొనే పనికి చోటు కావాలి, వాన పడని కప్పు కావాలి. ఆయనకు చేతనైన పని ఇల్లు కట్టడం, అదే ఇచ్చారు.

1942 అక్టోబరులో పోలీసులు ఆ సంఘం మీద పడ్డారు. నిఘంటువు రాయడం రాజద్రోహమైంది. ముప్ఫై మందికి పైగా పట్టుబడ్డారు. లీ యున్‌జే 1943 డిసెంబరులో, హాన్ జింగ్ 1944 ఫిబ్రవరిలో జైలులోనే చనిపోయారు. ఇల్లిచ్చిన నేరానికి సెగ్వన్‌ను కూడా తీసుకుపోయి హింసించారు. అంతటితో వదలలేదు. 1943లో మళ్ళీ పట్టుకొని, తుక్సోమ్ దగ్గర ఆయనకున్న సుమారు 35,000 ప్యాంగ్‌ల భూమిని లాక్కున్నారు. ఒక ప్యాంగ్ మన లెక్కలో దాదాపు నాలుగు చదరపు గజాలు, అంటే మొత్తం ఇరవై ఎనిమిది ఎకరాల పైచిలుకు. స్థలం మీద స్థలం తిప్పుతూ నడిచే వ్యాపారంలో అంత భూమి పోతే మిగిలేదేముంటుంది? గన్యాంగ్‌సా మళ్ళీ కోలుకోలేదు.

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. పోలీసులు పట్టుకుపోయిన నిఘంటువు రాతప్రతులు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. సెప్టెంబరులో సియోల్ రైల్వే స్టేషన్ సరుకుల గోదాములో ఒక మూల ఆ కట్టలు బయటపడ్డాయి. కోర్టుకు సాక్ష్యంగా పంపిన కట్టలు అవి. ఆఫీసు రికార్డు గదుల్లో దుమ్ము దులిపినవారికి ఆ క్షణం ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మొదటి సంపుటం 1947లో, ఆరవది, చివరిది 1957లో వెలువడ్డాయి.

అవన్నీ వెలువడేనాటికి సెగ్వన్ జీవించే ఉన్నారు. మధ్యలో యుద్ధం వచ్చింది, దేశం రెండయింది, ఆయన పాత వైభవం తిరిగి రాలేదు. చివరి రోజులు సొంత ఊరు గోసాంగ్‌లో గడిపి 1965లో కన్నుమూశారు. ప్రభుత్వం 1968లో ఒక ప్రశంసాపత్రం, 1990లో స్వాతంత్ర్య సమరయోధులకిచ్చే పతకం ప్రకటించింది. అయినా జనానికి ఆయన పేరు బాగా తెలిసింది 2010 తర్వాతనే. పాత నగరంలో ఆ ఇళ్ళున్న ఉత్తర భాగాన్ని బుక్‌చోన్ అంటారు. అక్కడి పెంకుటిళ్ళు వందల ఏళ్ళ నాటి రాజుల కాలంవని చాలామంది అనుకొనేవారు. అందులో ఎక్కువ భాగం 1930ల నాటి వాయిదాల ఇళ్ళని పరిశోధకులు రాశాకగాని తెలియలేదు. ఇక్సన్-దోంగ్‌ను పడగొట్టి కొత్తగా కట్టాలన్న పథకం 2004 నుంచి నలిగి నలిగి, 2018లో ఆగిపోయింది. బుక్‌చోన్ సందులకు ఫొటోల కోసం వచ్చే యాత్రికులు ఎంత పెరిగారంటే, 2024 నవంబరులో అక్కడి స్థానిక ప్రభుత్వం కొన్ని వీధులలోకి ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకే చూడవచ్చేవారిని రానివ్వాలని నియమం పెట్టింది. ఆ ఇళ్ళలో మనుషులు కాపురాలుంటున్నారు మరి.