నీటి దెబ్బను లెక్కకట్టిన జుకోవ్‌స్కీ

2022 ఫిబ్రవరి 21వ తేదీన నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకములకు శంకుస్థాపన జరిగెను. సింగూరు జలాశయమునుండి నీటిని పంపులతో ఎత్తి మెట్టభూములకు అందించుట వాని ఉద్దేశము. ఎత్తిపోతల పథకమేదైనను, దానిని రచించు ఇంజనీరు ఒక ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలసియుండును. విద్యుత్తు హఠాత్తుగా ఆగిపోయినచో గొట్టములోని నీరేమి చేయును? దీనికి అంకెలతో జవాబు చెప్పు సూత్రమును ప్రయోగములచే స్థిరపఱచినవాడు రష్యా దేశీయుడగు నికొలాయ్ జుకోవ్‌స్కీ.

ఆయన 1847లో ఒరెఖోవో గ్రామమున జన్మించెను. తండ్రివలె ఇంజనీరు కావలెనని ఆయన కోరిక. 1868లో మాస్కో విశ్వవిద్యాలయమున చదువు ముగించి, అందులకై సెయింట్ పీటర్స్‌బర్గు చేరెను గాని, భూమికొలత శాస్త్రపు పరీక్షలో తప్పి వెనుదిరిగెను. లోకమునకు మేలు చేసిన పరీక్షలలో అదియు నొకటి! 1872 నుండి మాస్కో సాంకేతిక విద్యాలయమున బోధించుచు, 1886లో విశ్వవిద్యాలయాచార్యుడయ్యెను.

ఆ శతాబ్ది చివర మాస్కో నగరపు నీటి గొట్టములు తఱచు పగులుచుండెను. నగర జలసరఫరా ఇంజనీరు జీమిన్ సహకారముతో జుకోవ్‌స్కీ 1897-98లలో అలెక్సేయెవ్‌స్కయా పంపుల కేంద్రమున ప్రయోగములకు పూనుకొనెను. 2, 4, 6 అంగుళముల గొట్టములను, 24 అంగుళముల పెద్ద గొట్టమును పరీక్షించెను. కవాటమును చప్పున మూయించి, గొట్టము పొడవున ఒత్తిడి ఎట్లు మాఱునో యంత్రములతో గీయించెను.

పారునీటిని ఒక్కసారి ఆపినచో ముందు పొర నిలిచిపోవును. వెనుకనున్నది దానిపై వచ్చిపడును. ఈ ఒత్తిడి అలయై వెనుకకు పరుగెత్తును. పోత ఇనుప గొట్టములలో దాని వేగము సెకనుకు 1000 మీటర్లు, ఒక్కొక్కచో అంతకుమించియు ఉండును. నీటి సాంద్రతను, అల వేగమును, కోల్పోయిన ప్రవాహ వేగమును గుణించినచో పెరిగిన ఒత్తిడి వచ్చును. సెకనుకు 1 మీటరు వేగముతో పారునీరు చటుక్కున ఆగినచో సుమారు 100 మీటర్ల ఎత్తుగల నీటిస్తంభపు ఒత్తిడి అదనముగా పుట్టును! అల ఆవలి కొనకు పోయి తిరిగివచ్చు కాలముకంటె ఎక్కువ సేపు తీసికొని మూసినచో దెబ్బ తగ్గును. 1858లోనే ఇటలీ దేశీయుడు మెనాబ్రియా ఈ సమస్యను గణితమున విచారించియుండెను. దానిని నగరపు గొట్టములలో నిరూపించుట జుకోవ్‌స్కీ ఘనత. ఒత్తిడి గీతనుబట్టి నీరు కారుచోటును త్రవ్వకయే గుర్తింపవచ్చుననియు ఆయన చూపెను.

ఒత్తిడి మిక్కిలి పడిపోయిననూ ప్రమాదమే. అప్పుడు వేడి లేకయే నీరు ఆవిరియగును. నీటిస్తంభము తెగి నడుమ బోలు ఏర్పడును. తెగిన భాగములు మరల ఢీకొన్నప్పుడు మొదటిదానికంటె పెద్ద దెబ్బ తగులవచ్చును. పంపు ఆగిన ఎత్తిపోతల గొట్టములో, ముఖ్యముగా మిట్టల మీద, భయపడవలసినది దీనికే. నేటి కంప్యూటరు గొట్టమును చిన్న చిన్న ఖండములుగా విభజించి, క్షణక్షణమున ఒత్తిడిని, వేగమును గణించి, బోలు ఎచ్చట పుట్టి ఎప్పుడు కూలునో చూపును. దానినిబట్టి సర్జ్ ట్యాంకులకు, గాలి పాత్రలకు తావు నిర్ణయింతురు. ఆ గణనకు మూలము నేటికిని ఆ మూడింటి గుణకారమే.

లోకము మాత్రము ఆయనను విమానశాస్త్రజ్ఞుడుగనే ఎక్కువగా ఎఱుగును. 1906లో రెక్కను గాలి పైకెత్తు బలమునకు సూత్రము చెప్పెను. 1918లో మాస్కోలో వాయుగతి పరిశోధనకు కేంద్రసంస్థను నెలకొల్పెను. 1920లో కుమార్తె యెలేనా మరణించెను. మఱుసటి సంవత్సరము మార్చి 17వ తేదీన జుకోవ్‌స్కీ కూడ కన్నుమూసెను.